ఏడాదంతా ఒకే గడప: భద్రమైన అభ్యంగనానికి సిద్ధపరిచే ఒక తరగతిపై సమీక్ష

గుంటూరు ప్రాంతంలోని ఒక చిన్న పట్టణపు కథోలిక విచారణలో (పారిష్‌లో), భద్రమైన అభ్యంగనం, అంటే జ్ఞానస్నానం పొందినవారిని నుదుట పవిత్ర తైలం పూసి విశ్వాసంలో స్థిరపరిచే సంస్కారం, స్వీకరించబోయే పిల్లలకు ఏడాది పాటు నడిపే సిద్ధపాటు తరగతి గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతూ ఈ తరగతి పూర్తి చేసింది. పిల్లలు సేవలో భాగంగా ఊళ్లోని కొన్ని ఇళ్లకు వెళ్లేటప్పుడు వెంట ఉండే పెద్దలు తక్కువ పడడంతో నేనూ ఆ పనికి ఒప్పుకున్నాను కనుక, మిగతా తల్లిదండ్రులకు గుడి మెట్ల దగ్గర కనిపించే దానికంటే కొంత ఎక్కువే చూశాను. విచారణ పేరు మాత్రం రాయడం లేదు. పేరు రాస్తే పిల్లలు ఏ ఇళ్లకు వెళ్తున్నారో ఊరివారికి ఇట్టే తెలిసిపోతుంది. ఆ ఇంటివారి పరువు కాపాడడం ఈ తరగతి పెట్టుకున్న మొదటి నియమం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బోధన వరకు చూస్తే ఈ తరగతి మామూలుదే. సత్యోపదేశ పుస్తకంలోని ప్రశ్నలు, జవాబులు వల్లె వేయించడం ఇక్కడా ఉంది. హాలులో వెనుక వరుసకు పాఠం చెప్పే ఉపదేశిగారి గొంతు సరిగా వినపడదు. అయితే పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లల చేత విశ్వాసాన్ని చేతల్లో పెట్టించే విషయంలో మాత్రం నేను చూసిన సిద్ధపాటు తరగతుల్లో దీనికి సాటి వచ్చేది లేదు. అందుకు కారణం ఒకే ఒక్క ఏర్పాటు: ఇద్దరేసి పిల్లలకు ఒక ఇల్లు అప్పగిస్తారు, ఏడాది పొడవునా వారు ఆ ఇంటికే వెళ్లాలి.

తరగతి జూలైలో మొదలై, మరుసటి ఏడాది మే, జూన్‌లలో వచ్చే పెంతెకోస్తు పండుగ దరిదాపుల్లో పీఠాధిపతులు (బిషప్పు) వచ్చి అభ్యంగనం ఇవ్వడంతో ముగుస్తుంది. ఆదివారం రెండో పూజ (గుడిలో జరిగే ఆరాధన) తర్వాత గంట సేపు పాఠం, నెలకు రెండు శనివారాలు సాయంత్రం సందర్శన, నెలాఖరు ఆదివారం పాఠానికి బదులు వెళ్లి వచ్చిన ఇళ్ల గురించి మాట్లాడుకునే సమావేశం ఉంటాయి. రుసుము లేదు, పుస్తకం ఖర్చు మాత్రం ఇంటివారిదే. మేము పాటించే లాటిను సంప్రదాయ శ్రీసభ (కథోలిక చర్చి) చట్టం ఈ సంస్కారానికి మంచిచెడులు తెలిసే వయసును కొలతగా పెట్టి, వేరే వయసు నిర్ణయించుకునే వెసులుబాటును ఆయా దేశాల పీఠాధిపతుల సమాఖ్యలకు ఇచ్చింది. మా విచారణలో తొమ్మిదో తరగతి పిల్లలను తీసుకుంటారు. ఈ ఎంపిక సరైనదేనని నా నమ్మకం. ఎనిమిదేళ్ల పిల్లలు చెప్పిన పని చేస్తారు, పద్నాలుగేళ్ల పిల్లలు ఎందుకు చేయాలని అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే ఓపిక ఉన్నవారు నడిపితేనే ఇలాంటి తరగతి వల్ల ఉపయోగం.

పాఠాల్లో బాగా చెప్పినది దయాకార్యాల పాఠం. శరీర సంబంధమైనవి ఏడు, ఆత్మ సంబంధమైనవి ఏడు అని పిల్లలందరికీ నోటికి వస్తాయి గాని, అవి ఎక్కడి నుంచి వచ్చాయో చాలామంది పెద్దలకే తెలియదు. మత్తయి సువార్త 25వ అధ్యాయంలో తీర్పు దినాన ప్రభువు లెక్క అడిగే పనులు ఆరు: ఆకలిగొన్నవారికి అన్నం, దప్పిగొన్నవారికి నీరు, పరదేశికి ఆశ్రయం, బట్ట లేనివారికి బట్ట, రోగికి పరామర్శ, చెరలో ఉన్నవారి దర్శనం. ఏడోది, మృతులను పాతిపెట్టడం, తోబీతు గ్రంథం నుంచి వచ్చింది. ఒక అబ్బాయి లేచి, తన లూథరన్ (ఒక ప్రొటెస్టంట్ శాఖ) స్నేహితుడి బైబిలులో ఆ గ్రంథమే లేదని చెప్పినప్పుడు తరగతి నడిపే సిస్టర్ (మఠకన్య) ఆ మాటను దాటవేయలేదు; ఏ శాఖ ఏ గ్రంథాలను అంగీకరించిందో ఓపికగా వివరించి, ఆ తర్వాతే తోబీతు తన పళ్లెంలోని భోజనం వదిలిపెట్టి వీధిలో పడి ఉన్న శవాన్ని తెచ్చిన కథ చెప్పారు. నవంబరు 2న వచ్చే సమాధుల పండుగకు ముందు వారం పిల్లలు శ్మశానవాటికలో పిచ్చిమొక్కలు పీకి సున్నం వేశారు. తమ తాతల సమాధులకు ఎలాగూ ఇంటివారు సున్నం వేస్తారు కనుక, పట్టించుకునే వారు లేని సమాధులను మాత్రమే పిల్లలకు కేటాయించారు. పాఠం అక్కడ పూర్తయింది.

మా ప్రాంతపు పిల్లలకు ఈ పాఠం మరో విధంగా కూడా అవసరం. 1842లో జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ గుంటూరు వచ్చినప్పటి నుంచి ఇక్కడ లూథరన్ సంఘానికి గట్టి పునాది ఉంది. కథోలిక పిల్లల బడి స్నేహితుల్లోనూ, కొన్నిసార్లు మేనమామల ఇళ్లలోనూ లూథరన్లు ఉంటారు. ‘మీ వాళ్లు మంచి పనులు చేసి మోక్షం కొనుక్కుంటారట కదా’ అన్న ప్రశ్న మా పిల్లలకు కొత్త కాదు. దీనికి తరగతిలో ఇచ్చిన జవాబు సూటిగా ఉంది. రక్షణ దేవుడు ఇచ్చే వరమని, ఆ వరం పొందినవారు సత్కార్యాలు చేయడానికే సృష్టించబడ్డారని ఎఫెసీయులకు రాసిన లేఖ 2వ అధ్యాయం ఒకే చోట చెబుతుంది. అన్నం లేనివాడితో ‘వెళ్లి తృప్తిగా తిను’ అని చెప్పి ఊరుకునే విశ్వాసం నిర్జీవమని యాకోబు లేఖ 2వ అధ్యాయం చెబుతుంది. 1999 అక్టోబరు 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో కథోలిక శ్రీసభ, లూథరన్ ప్రపంచ సమాఖ్య ఈ విషయం మీదనే ఒక ఉమ్మడి ప్రకటనపై సంతకాలు చేశాయని, మన ఆంధ్ర ఎవాంజెలికల్ లూథరన్ సంఘం ఆ సమాఖ్యలో సభ్యురాలని సిస్టర్ చెప్పినప్పుడు, అంతవరకు గోడకు ఆనుకుని కూర్చున్న పిల్లలు కూడా ముందుకు వంగి విన్నారు. ఎక్కడో ఐరోపా చరిత్ర అనుకున్నది తమ బడి బల్ల దగ్గరి వాదన అని వారికి అర్థమైంది.

ఇక ఇళ్ల సందర్శన. ఈ పద్ధతి మా విచారణ కనిపెట్టింది కాదు. 1833లో పారిస్‌లో ఫ్రెడరిక్ ఓజనాం అనే ఇరవై ఏళ్ల విద్యార్థి, తన సహాధ్యాయులతో కలిసి ప్రారంభించిన సభే తర్వాత విన్సెంట్ డి పాల్ సొసైటీగా ప్రపంచమంతా వ్యాపించింది. మీ శ్రీసభ గతంలో ఎంతో చేసి ఉండవచ్చు, ఇప్పుడు మీరేం చేస్తున్నారని చర్చా వేదికలో తోటి విద్యార్థులు నిలదీసినప్పుడు, వాదనతో గెలవడం మానేసి ఆ కుర్రాళ్లు పేదల ఇళ్లకు బయలుదేరారు. ఏ ఇంటికి వెళ్లాలో, వెళ్లి ఎలా మసలుకోవాలో వారికి నేర్పింది సిస్టర్ రోజలీ రాందు అనే మఠకన్య. ఓజనాంను 1997లో పారిస్‌లోనే ధన్యుడిగా (పునీతుడు కావడానికి ముందు మెట్టు) ప్రకటించారు. మొదటి రోజు పిల్లలకు ఈ కథ చెప్పడం తెలివైన పని, ఎందుకంటే దానిలోని నాయకులు గడ్డాలు నెరిసిన పునీతులు కారు. పరీక్షలు రాయవలసిన కుర్రాళ్లు, వారికి దారి చూపిన ఒక సిస్టర్.

మొదటి సందర్శనకు చేతిలో ఏమీ పట్టుకెళ్లకూడదన్నది సిస్టర్ పెట్టిన నియమం. బియ్యం, పండ్లు, దుప్పటి ఏదీ వద్దన్నారు. ఈ మాట విన్నప్పుడు తల్లిదండ్రుల్లో చాలామంది ఇదేం పద్ధతని నొసలు చిట్లించారు. పెద్దవారి ఇంటికి ఉత్త చేతులతో వెళ్లడం మన మర్యాద కాదు. ఆచరణలో దాని ప్రయోజనం తెలిసింది. చేతిలో సంచి ఉంటే పిల్లలు దాన్ని గుమ్మంలో దించి, నమస్కారం పెట్టి, తిరుగుముఖం పడతారు. సంచి లేనప్పుడు కూర్చోవాలి, కూర్చున్నాక ఏదో ఒకటి మాట్లాడాలి. నేను వెంట వెళ్లిన ఇంట్లో డెబ్బై దాటిన మామ్మగారు ఒక్కరే ఉంటారు. కూతురు ఇంటిపని చేయడానికి కువైట్ వెళ్లింది. మా అమ్మాయి, ఆమెకు జంటగా వచ్చిన పిల్ల ఆ రోజు మంచం పక్కన నిలబడి, ఏం అడగాలో తోచక ‘భోజనం చేశారా’ అని మళ్లీ మళ్లీ అడిగారు. చివరికి ఆవిడే, ‘ఎంతసేపు నిలబడతారే, కూర్చోండి’ అని నులక మంచం చూపించారు.

రాకపోకలు అలవాటయ్యాక అసలు అవసరాలు బయటపడ్డాయి. మామ్మగారికి కావలసింది బియ్యం కాదు, రేషను బియ్యం ఆవిడకు సరిపోతుంది. రక్తపోటు మాత్రలు, చక్కెర మాత్రలు ఒకే సంచిలో కలిసిపోయి, ఏది ఎప్పుడు వేసుకోవాలో తెలియక రెండూ రాత్రే మింగుతున్నారు. పిల్లలు ఆరోగ్య కేంద్రంలోని నర్సమ్మను అడిగి తెలుసుకుని, రెండు కవర్లు చేసి, ఒకదాని మీద సూర్యుడిని, మరోదాని మీద చంద్రుడిని గీశారు. మరో అవసరం కార్డు ధ్రువీకరణ. ఏళ్ల తరబడి మిరప కోతలకు వెళ్లిన చేతుల్లో వేలిముద్రలు అరిగిపోయి యంత్రం గుర్తించకపోవడంతో ఆవిడ వెనక్కు తిరిగి వచ్చి ఊరుకున్నారు. పిల్లలు, వారితో నేను, ఆవిడను సచివాలయానికి తీసుకెళ్లి కంటిపాప ద్వారా ఆ పని చేయించాం. ఇందులో గొప్ప త్యాగమేమీ లేదు, డబ్బు ఖర్చూ లేదు. ఒకే ఇంటికి పదే పదే వెళ్లకపోతే మాత్రం ఈ రెండు సంగతుల్లో ఏ ఒక్కటీ ఎవరికీ తెలిసేది కాదు. పండుగకు ఒకసారి వృద్ధాశ్రమానికి బస్సు కట్టించుకుని వెళ్లి, పళ్లు పంచి, పాటలు పాడి వచ్చే సేవకూ దీనికీ తేడా ఇక్కడే ఉంది.

ఇళ్ల జాబితా తయారు చేయడంలో చూపిన జాగ్రత్తను ప్రత్యేకంగా మెచ్చుకోవాలి. మా విచారణలో సగం మంది పిల్లలు కూలి ఇళ్ల నుంచి వచ్చినవారే. మిరప కోతల కాలంలో తల్లులు తెల్లవారక ముందే ఆటో ఎక్కుతారు. ఉన్నవారు లేనివారికి పెట్టడమనే లెక్కతో తరగతి నడిపితే ఈ పిల్లలు ఎప్పుడూ పుచ్చుకునే వైపే మిగిలిపోతారు. ఇక్కడ అలా జరగలేదు. ఒక అబ్బాయి నాయనమ్మ ఇల్లు జాబితాలో ఉంది. అతని తోటి విద్యార్థులు ఇద్దరు ఆ ఇంటికి వెళ్లారు, అతను మరో వీధిలోని ఇంటికి వెళ్లాడు. మొదట్లో అతనికి ఇది నామోషీగా ఉండి రెండు ఆదివారాలు పాఠానికే రాలేదు. సిస్టర్ ఇంటికి వెళ్లి ఏం మాట్లాడారో నాకు తెలియదు గాని, తర్వాత అతను అందరికంటే నమ్మకంగా పని చేశాడు. కరెంటు పనిలో తండ్రికి సాయం చేసే అలవాటు ఉండడంతో, ఆ ఇంట్లో ఎన్నాళ్లుగానో వెలగని దీపం బాగు చేసింది అతనే.

జాబితాలో క్రైస్తవేతరుల ఇళ్లు కూడా ఉన్నాయి. ఆ ఇళ్లలో ప్రార్థన చేయకూడదు, కరపత్రం ఇవ్వకూడదు, ఆదివారం గుడికి రమ్మని పిలవకూడదు. ఈ కట్టడి భయంతో పెట్టింది కాదని ఫాదర్ గారు తల్లిదండ్రుల సమావేశంలో స్పష్టం చేశారు. ప్రేమతో చేసే సేవను మరో లక్ష్యానికి సాధనంగా వాడుకోకూడదని 16వ బెనెడిక్టు పోపుగారు 2005 నాటి తమ తొలి విశ్వలేఖలోనే (శ్రీసభ అంతటికీ పోపు రాసే లేఖ) రాశారు. కొన్ని ఇళ్లలో పిల్లలను లోపలికి పిలవకుండా అరుగు మీదే కూర్చోబెట్టారు, కారణం ఏమిటో పిల్లలకు తెలుసు. నెలాఖరు సమావేశంలో ఆ ముచ్చట వచ్చినప్పుడు పెద్దలు దాన్ని మాటలతో కప్పిపుచ్చకపోవడం నాకు నచ్చింది.

ఆ నెలాఖరు సమావేశమే ఈ తరగతికి ప్రాణం. బెల్జియంలో కార్మిక యువత మధ్య పనిచేసిన జోసెఫ్ కార్డైన్ అనే గురువు రూపొందించిన మూడు మెట్ల పద్ధతిని ఇక్కడ పాటిస్తారు: చూడడం, దాన్ని సువార్త వెలుగులో విచారించడం, చేయడం. 1961లో 23వ యోహాను పోపుగారు తమ విశ్వలేఖలో ఈ పద్ధతిని యువతకు సిఫారసు చేశారు. మన దేశంలో కథోలిక విద్యార్థుల ఉద్యమాలు నడిచేదీ దీని మీదే. అరుగు మీద కూర్చోబెట్టిన సంగతి చెప్పిన అమ్మాయిని సిస్టర్ మొదట ఆమె ఏం చూసిందో పూర్తిగా చెప్పనిచ్చారు. తర్వాత యోహాను సువార్త 4వ అధ్యాయంలో సమరియ స్త్రీని ప్రభువు నీళ్లు అడిగిన ఘట్టం చదివించారు. ఇక ఆ ఇంటికి వెళ్లాలా మానాలా అన్న నిర్ణయం ఆ జంటకే వదిలేశారు. వారు వెళ్లారు. ఏడాది చివరికి ఆ ఇంటివారు లోపలికి పిలిచారని రాసి ఈ కథను తీపి చేయాలని లేదు. చివరి వరకు అరుగే. ఆ ముసలాయనకు వారపత్రిక చదివి వినిపించడం మాత్రం చివరి వరకు సాగింది.

ప్రతి విద్యార్థికి ఒక చిన్న నోటు పుస్తకం ఇస్తారు. సందర్శన తర్వాత అందులో రెండు మూడు వాక్యాలు రాయాలి, ఇంటివారి పేర్లు రాయకూడదు. దానికి మార్కులు లేవు, దిద్దడం లేదు, తల్లిదండ్రులు చూడడానికి వీల్లేదు. నేను చూడలేదు కూడా.

వేసవిలో చలివేంద్రం పెట్టారు. దప్పిగొన్నవారికి నీరు ఇవ్వడమనే దయాకార్యానికి మన ఊళ్లలో ఇంతకంటే సహజమైన రూపం లేదు. బస్టాండు దగ్గర కొబ్బరాకుల పందిరి, ఇసుక మీద కుండలు, మధ్యాహ్నం మజ్జిగ. ఇక్కడ తరగతి మీద నా మొదటి ఫిర్యాదు. పందిరి కట్టిన మరుసటి రోజే దాతల పేర్లు, విచారణ పెద్దల ఫొటోలు, తరగతి పిల్లలందరి ఫొటోలతో ఒక ఫ్లెక్సీ వెలిసింది. కుండలు దాని వెనుక పడ్డాయి. కుడిచేయి చేసే దానం ఎడమచేతికి తెలియకూడదని ఆ ఏడాదే పాఠంలో చదువుకున్న పిల్లలు ఆ ఫ్లెక్సీ ముందు నిలబడి సెల్ఫీలు తీసుకున్నారు, వారిని తప్పు పట్టలేం. విచారణ పాలక మండలిలోని పెద్దలు ఇష్టపడి కట్టించారని తెలిసింది. సిస్టర్ మాట అక్కడ చెల్లినట్లు లేదు.

పునీతుల పాఠాలకు మిశ్రమ మార్కులు. 2025 సెప్టెంబరు 7న 14వ లియో పోపుగారు పునీతులుగా ప్రకటించిన ఇద్దరు యువకులు, పియర్ జార్జియో ఫ్రాసాతి, కార్లో ఆకూతిస్, ఇలాంటి తరగతికి చేతికి అందిన వరం. ఫ్రాసాతి గురించి బాగా చెప్పారు. ఇటలీలోని తూరిన్ నగరంలో పత్రికాధిపతి కొడుకై ఉండి, 1918లో విన్సెంట్ డి పాల్ సభలో చేరి, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా పేదల ఇళ్లకు తిరిగాడు. 1925లో ఇరవై నాలుగేళ్లకు పోలియోతో మరణించేముందు రోజు, పక్షవాతం కమ్మిన చేతితో ఒక పేద రోగికి చేరవలసిన మందుల గురించి చీటీ రాశాడు. అంత్యక్రియలకు పేదలు వీధులు నిండేలా వచ్చినప్పుడు గాని తమ కొడుకు ఏం చేసేవాడో తల్లిదండ్రులకు తెలియలేదు. ఈ కథ విన్న రోజు హాలులో వెనుక వరుస కూడా నిశ్శబ్దంగా ఉంది.

ఆకూతిస్ విషయంలో మాత్రం తరగతి తేలికదారి పట్టింది. దివ్యసత్ప్రసాద (పూజలో పవిత్రపరిచే అప్పం) అద్భుతాల గురించి వెబ్‌సైటు తయారు చేశాడు, కంప్యూటర్ తెలిసిన పునీతుడు, మీరూ సెల్‌ఫోను మంచికి వాడండి అన్నంతవరకే పాఠం నడిచింది. 2006లో పదిహేనేళ్లకే రక్త క్యాన్సరుతో పోయిన ఆ అబ్బాయి, మిలాన్ వీధుల్లో పడుకునే వారికి తన దాచుకున్న డబ్బుతో నిద్రసంచి కొనిచ్చిన సంగతి, రాత్రిపూట వారికి అన్నం పట్టుకెళ్లిన సంగతి ఒక్క వాక్యంలో దాటిపోయాయి. ఆ వయసు పిల్లలకు వెబ్‌సైటు కంటే ఆ నిద్రసంచే దగ్గరి ఉదాహరణ. వెబ్‌సైటు అందరికీ చేతకాదు.

గంటల లెక్క లేకపోవడం ఈ తరగతిలోని మరో మంచి. అమెరికాలో చాలా విచారణల్లో అభ్యంగనానికి ముందు ఇన్ని గంటల సేవ చేయాలన్న నియమం ఉంటుంది. అక్కడి మన తెలుగు కుటుంబాల పిల్లలు కార్డు మీద సంతకాలు చేయించుకోవడం మా బంధువుల ఇళ్లలో చూశాను. క్రమశిక్షణకు అది పనికొస్తుంది, మొదటి అడుగు వేయించడానికి పనికొస్తుంది, దాన్ని తీసిపారేయను. కాని లెక్క పూర్తయిన రోజున పని కూడా పూర్తయిపోతుంది, ఆ గంటలు కళాశాల దరఖాస్తులోకి కూడా ఎక్కుతాయి. మన దగ్గర ఇదే జబ్బు మరో రూపంలో వస్తోంది. అభ్యంగనం రోజున ‘ఉత్తమ సేవ’ పేరుతో ముగ్గురికి జ్ఞాపికలు ఇచ్చారు. ఎవరి సేవ ఉత్తమమో తూచడానికి వాడిన కొలత ఏమిటో ఎవరికీ తెలియదు. నోటు పుస్తకాలు చూడకూడదన్న నియమం ఉన్నచోట హాజరుపట్టీ తప్ప వేరే ఆధారం ఉండదు. మిరప కోతలకు వెళ్లి కొన్ని శనివారాలు మానేసిన పిల్లలకు ఆ జ్ఞాపికలు ఎలాగూ రావు.

తరగతికి పెద్ద దెబ్బ బడి పరీక్షల నుంచి వస్తుంది. ఏడాది మొత్తంలో సేవకు అనువైన కాలం ఈస్టరుకు ముందు వచ్చే తపస్సుకాలమే. ఉపవాసం, ప్రార్థన, దానం మూడూ ఒకేసారి గుర్తుచేసే నలభై రోజులు. తపస్సుకాలం ఎక్కువగా ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్యలో వస్తుంది, మన పరీక్షలూ అప్పుడే వస్తాయి. తొమ్మిదో తరగతికి పబ్లిక్ పరీక్ష లేకపోయినా, పదో తరగతి పాఠాలు ముందుగానే మొదలుపెట్టే ప్రైవేటు బడులు సాయంత్రాలను మింగేస్తున్నాయి. మార్చిలో సందర్శనలు దాదాపు ఆగిపోయాయి. సరిగ్గా ఆ నెలలోనే మామ్మగారికి జ్వరం వచ్చింది, మాకు తెలిసేసరికి తగ్గిపోయింది. పిల్లలను తప్పు పట్టను. పరీక్షల నెలలో ఆ ఇళ్లకు పెద్దలు వెళ్లే ఏర్పాటు ముందే చేసి ఉండవలసింది. ఏడాదంతా వస్తారని ఆశ పెట్టి, అవసరం పడిన నెలలో మాయమైతే, మొదటి నుంచి వెళ్లకపోవడమే నయమని ఆ ఇంటివారు అనుకుంటే కాదనలేం.

వెంట వెళ్లే పెద్దల కొరత కూడా చిన్నది కాదు. మైనరు పిల్లలు ఒంటరిగా ఏ ఇంటికీ వెళ్లకూడదన్న నియమాన్ని విచారణ గట్టిగా పాటించడం మంచిదే, ఈ రోజుల్లో అది తప్పనిసరి కూడా. అయితే నియమం పెట్టినంత తేలికగా మనుషులు దొరకలేదు. తండ్రుల్లో ముందుకు వచ్చినవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆ భారం తల్లుల మీద, మరియమాత దళం అనే ప్రార్థనా సంఘంలోని పెద్దావిడల మీద పడింది. వెంట వచ్చేవారు లేక కొన్ని శనివారాలు ఆడపిల్లల జంటలు వెళ్లలేకపోయాయి, మగపిల్లలను మాత్రం సరేలే అని పంపారు. నియమం అందరికీ ఒకటే అయినప్పుడు ఈ సడలింపు ఎందుకన్న మా అమ్మాయి ప్రశ్నకు ఎవరూ సరైన జవాబు చెప్పలేదు.

వాట్సాప్ సమూహం గురించి ఒక మాట. సందర్శన ఫొటోలు తీయవద్దని మొదటి రోజే చెప్పారు, పిల్లలు చాలావరకు పాటించారు. పాటించనిది తల్లిదండ్రులు. తమ పిల్ల ముసలమ్మకు అన్నం వడ్డిస్తున్న ఫొటో పెట్టి, దాని కింద మత్తయి 25:40 (‘ఈ అల్పుల్లో ఒకరికి చేసినది నాకు చేసినట్లే’) రాసిన ఒకరిద్దరి వల్ల ఫాదర్ గారు ఆదివారం ప్రకటనల్లో మళ్లీ చెప్పవలసి వచ్చింది. ఫొటో తొలగించారు గాని, అప్పటికి అది ఎన్ని ఫోన్లకు చేరిందో తెలియదు.

అన్నిటికంటే ముఖ్యమైన లోపం అభ్యంగనం తర్వాతి ఖాళీ. పీఠాధిపతులు నుదుట క్రిస్మ తైలం పూసిన రోజు వరకు ఇంత శ్రద్ధగా నడిచిన ఏర్పాటుకు మరుసటి వారం నుంచి కొనసాగింపు లేదు. యువజన సంఘం ఉంది గాని, దాని పని గాన బృందం, క్రిస్మసు పశువుల పాక, వేసవి క్రికెట్టు వరకే. అభ్యంగనం క్రైస్తవుడిని పెద్దరికంలోకి, సాక్ష్యంలోకి పంపుతుందని పాఠంలో చెప్పి, పంపే చోటు చూపకపోతే ఆ పాఠం సగమే. మా అమ్మాయి, ఆమె స్నేహితురాలు మామ్మగారి ఇంటికి ఇప్పటికీ వెళ్తున్నారు, ఎవరూ చెప్పకుండానే. కొత్త జంటకు అదే ఇల్లు కేటాయించినప్పుడు వీరిద్దరూ ఏం చేయాలన్నది ఎవరూ ఆలోచించలేదు. పదో తరగతి పిల్లలను కొత్తవారికి తోడుగా పంపితే పెద్దల కొరత కూడా కొంత తీరేది. ఈ సూచన రాసి విచారణ కార్యాలయంలో ఇచ్చాను.

మీ పిల్లలను ఇలాంటి తరగతిలో చేర్చే ముందు, అది మా విచారణ అయినా మరొకటి అయినా, నడిపేవారిని కొన్ని విషయాలు అడగండి. పిల్లలు వెళ్లే ఇల్లు మారుతూ ఉంటుందా, ఒకటేనా? వెళ్లి వచ్చాక వారి మాట వినే సమావేశం ఉందా? వెంట ఎవరు వెళ్తారు, ఆ మనిషి రాని రోజున ఏం చేస్తారు? పరీక్షల నెలలో ఆ ఇళ్ల సంగతి ఏమిటి? మొదటి రెండింటికి మా తరగతిలో మంచి జవాబులు దొరుకుతాయి, తర్వాతి రెండింటికి ఇంకా దొరకవు. వసతి బడుల్లో చదివే పిల్లలకు ఈ ఏర్పాటు కుదరదు. శనివారం సాయంత్రం బయటికి పంపే వసతి బడి నాకు తెలిసినంతలో లేదు. బడి చదువులో వెనుకబడతారన్న భయంతో వెనుకాడే తల్లిదండ్రులకు మాత్రం ఒకటి చెప్పగలను: నెలకు రెండు సాయంత్రాల వల్ల మా అమ్మాయి మార్కులు తగ్గలేదు.

కొత్త బృందానికి పేర్లు జూన్‌లో రెండో పూజ తర్వాత తీసుకుంటారు. జ్ఞానస్నాన పత్రం నకలు, బడి గుర్తింపు కార్డు తీసుకెళ్లాలి. ఈసారి తల్లిదండ్రుల్లో ఒకరు నెలకు ఒక్క శనివారమైనా వెంట వెళ్తామని సంతకం చేయాలని కొత్త నిబంధన పెట్టబోతున్నారట. సంతకం తండ్రి చేత చేయించాలని కొందరు తల్లులు పట్టుబడుతున్నారు; కార్యాలయం ఇంకా ఏ సంగతీ తేల్చలేదు.